దిష్టి ఉప్పులో పెన్‌డ్రైవ్

సంపాదకులు గారికి,

నమస్కారం. కిందటి ఆదివారం మీ అనుబంధంలో ఇంటి చిట్కాల కింద ఒక బొమ్మ వేశారు. ఖాళీ అయిన పౌడర్ డబ్బా అడుగున పెన్‌డ్రైవ్ పెట్టి, పైన దూది కుక్కి, దాని మీద కాస్త పౌడర్ పోసి మూత పెట్టేస్తే దొంగ కంట పడదని రాశారు. అది చదవగానే నాకు గుండె కలుక్కుమంది. చిట్కా తప్పని కాదు. అచ్చం అలాంటి పనే మా వారు చేశారు. ఆయన దాచింది దొంగ చేతికి చిక్కలేదు, నిజమే. మా చేతికీ చిక్కలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైనా వేయమని కోరుతున్నాను.

మాది అమలాపురానికి దగ్గర్లో గోదావరి పాయ పక్కన ఒక లంక ఊరు. 1982లో కాపురానికి వచ్చాను. నాలుగేళ్ళకే, 1986 ఆగస్టులో, ఆ పెద్ద వరద వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75 అడుగులు దాటిన సంవత్సరం అది. మా ఇంట్లో నడుం లోతు నీళ్ళు నిలిచాయి. మామగారి ట్రంకుపెట్టెలోని దస్తావేజులు, శిస్తు రసీదులు, మా వారి డిగ్రీ పట్టా అన్నీ నానిపోయాయి. వరద తీశాక వాటిని ఒక్కొక్కటీ విడదీసి, బట్టల్లాగా దండెం మీద ఆరేశాం. సిరా కారి అక్షరాలన్నీ ఊదారంగు మచ్చలైపోయాయి. అప్పటినుంచీ మా వారికి కాగితమంటే నమ్మకం పోయింది.

ఆయన పంచాయతీరాజ్ శాఖలో గుమస్తాగా చేరి 2009లో రిటైరయ్యారు. చేతికి డబ్బు రాగానే చేసిన మొదటి పని ఒక కంప్యూటరు, ఒక స్కానరు కొనడం. ఇంటి దస్తావేజు, పట్టాదారు పాసుపుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, పాలసీ బాండ్లు అన్నీ రాత్రుళ్ళు కూర్చుని స్కాన్ చేశారు. తర్వాత ఆధార్ వచ్చింది, పాన్ కార్డులు వచ్చాయి, బ్యాంకు పాస్‌వర్డులు వచ్చాయి. అవన్నీ కూడా ఆ నాలుగు జీబీల నల్ల పెన్‌డ్రైవ్‌లోకే వెళ్ళాయి.

అదే పెన్‌డ్రైవ్‌లో మా అత్తగారి గొంతు కూడా ఉంది.

మా అత్తగారు చదువుకోలేదు. కానీ తిరగలి దగ్గర కూర్చుంటే పాట ఆగేది కాదు. రామాయణం అంతా ఆవిడకు పాటల్లోనే తెలుసు. ఊర్మిళ పద్నాలుగేళ్ళు నిద్రపోయిన కథ పాడుతుంటే వీధిలో ఆడవాళ్ళంతా చేటలు, బియ్యం పట్టుకుని మా అరుగు మీదకు చేరేవాళ్ళు. 1992 సంక్రాంతికి మా వారు టేపురికార్డరు తెచ్చి రెండు క్యాసెట్లు నిండేదాకా ఆవిడ చేత పాడించారు. 1999లో ఆవిడ పోయారు. క్యాసెట్లకు బూజు పట్టడం మొదలయ్యాక, 2011లో రాజమండ్రి తీసుకెళ్ళి ఎంపీ3లోకి మార్పించారు. ఒక్కో పక్కకు ఒక ఫైలు చొప్పున నాలుగు ఫైళ్ళు. మార్పించాం కదా అని క్యాసెట్లు పారేశాం. ఆ పాడుపనిలో నా చేయి కూడా ఉంది.

2017లో మా వీధి చివరింట్లో దొంగలు పడ్డారు. బీరువా పగలగొట్టి నగలు పట్టుకెళ్ళారు. ల్యాప్‌టాప్ బ్యాగు కూడా ఎత్తుకెళ్ళారు, అందులో వాళ్ళ పెన్‌డ్రైవులు పోయాయి. ఆ మర్నాటి నుంచి మా వారికి ఒకటే టెన్షన్. రెండు రోజులు పెన్‌డ్రైవ్ బనియను జేబులో పెట్టుకుని తిరిగారు. మూడో రోజు నుంచి అది ఎక్కడా కనబడలేదు. ఎక్కడ పెట్టారండీ అని అడిగితే, "పదిలంగానే ఉందిలే, నీకెందుకు" అన్నారు. నేనూ మళ్ళీ అడగలేదు. భార్యాభర్తల మధ్య అలాంటి మాటలు రోజుకు పది నడుస్తాయి, ఏది గుర్తు పెట్టుకోవాలో ఎవరికి తెలుస్తుంది?

2021 మే నెలలో కరోనాతో ఆయన్ను ఆసుపత్రిలో చేర్చాం. అయిదో రోజు పోయారు. పక్కన నేను లేను, ఉండనివ్వలేదు.

తర్వాత కాగితాల కోసం ఇల్లంతా వెతికాం. బీరువా, అటక, పుస్తకాల గూడు, దేవుడి మందిరం వెనక, ఆయన సంచులు, చొక్కా జేబులు అన్నీ చూశాం. దొరకలేదు. పారేసి ఉంటారని మా అమ్మాయి అంది. పారేసే మనిషి కాదు ఆయన. కానీ ఎంతకాలం వెతుకుతాం?

2022 జూలైలో మళ్ళీ పెద్ద వరద. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. మా గడపలోకి నీళ్ళు వచ్చేలోపు బియ్యం, గ్యాస్ సిలిండరు, కాగితాల పెట్టె, ఆయన ఫోటో పడవలోకి ఎక్కించాను. వంటింట్లో పై గూట్లో ఉన్న డబ్బాలు అలాగే వదిలేశాను. ఉప్పు డబ్బాను ఎవరైనా మోసుకెళ్తారా? నీళ్ళు ఆ గూటి దాకా రాలేదు. కానీ వరద తీశాక నెలన్నర పాటు గోడలు చెమ్మ వదల్లేదు.

2024 జూన్‌లో మా అబ్బాయి కుటుంబం డల్లాస్ నుంచి వచ్చింది. మనవడికి పదేళ్ళు. వచ్చిన మూడో రోజే జ్వరం, వాంతులు. మందు ఇప్పించాను. అయినా మనసు ఊరుకోక దిష్టి తీద్దామని పై గూట్లోంచి దిష్టి డబ్బా దించాను. చిన్న ప్లాస్టిక్ డబ్బా అది. అందులో కళ్ళుప్పు, నాలుగు ఎండుమిరపకాయలు ఉంచేదాన్ని. 2016లో వాళ్ళు అమెరికా వెళ్ళాక ఆ డబ్బా తీసే పని పడలేదు. మూత తీస్తే ఉప్పు చెమర్చి, గడ్డకట్టి, రాయిలా ఉంది. చెంచా కాడతో పొడిచాను. ఉప్పు పెళ్ళ ఊడి వచ్చింది. దాని మధ్యలో పాల ప్యాకెట్టు కవరు ముక్క కనిపించింది. మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంది. ముట్టుకోగానే ఆ బ్యాండు పొడిపొడిగా రాలిపోయింది. కవరు లోపల నల్ల పెన్‌డ్రైవ్.

మంచం మీదున్న మనవడు లేచి కూర్చుని, "మామ్మా, అది తాతయ్యదా?" అన్నాడు. నేను మాట్లాడలేకపోయాను.

ఆయన ఆలోచన నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. వంటలో వాడని ఉప్పు. దిష్టిదంటే పనిమనిషి కూడా ముట్టుకోదు. దొంగకు ఉప్పుతో పనేముంటుంది? పైగా ఊపినా చప్పుడు రాదు. ఇంటి గుట్టు తెలిసిన మనిషి మాత్రమే ఎంచుకోగల చోటు అది. కానీ ఉప్పుకు చెమ్మ పీల్చే గుణం ఉందని ఆ తెలివైన మనిషికి ఆ రోజు తట్టలేదు. పెన్‌డ్రైవ్ మూతి రేకు తుప్పు పట్టి గోధుమరంగుకు తిరిగింది. ఆ రేకు లోపల బంగారు రంగులో ఉండాల్సిన నాలుగు గీతల మీద ఆకుపచ్చ చిలుము. రాగి చెంబు నీళ్ళతో వదిలేస్తే పట్టే చిలుమే అది. బంగారు రంగు పైపైన పూతే, కింద ఉండేది రాగి.

ఆ తర్వాత నేను చేసిన తప్పు చెబుతాను, మరొకరు చేయకుండా ఉండాలని. ఆత్రం కొద్దీ ఆ సాయంత్రమే దగ్గర్లోని ఒక కంప్యూటరు సెంటరుకు పట్టుకెళ్ళాను. అక్కడి కుర్రాడు చొక్కా అంచుతో తుడిచి గుచ్చేశాడు. రెండుసార్లు రాలేదు. మూడోసారి తెర మీద ఏదో వచ్చింది. ఈ డిస్కు వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయనా అని అడిగింది. కుర్రాడు నా వంక చూడనైనా చూడకుండా సరే అని నొక్కాడు. సగంలో ఆగిపోయింది. ఇంటికొచ్చి అబ్బాయికి చెబితే తల పట్టుకున్నాడు. చెమ్మ తగిలిన పెన్‌డ్రైవ్‌ను ఎక్కడా గుచ్చకూడదట. సర్క్యూట్ బోర్డులు తుడిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేయించి, పూర్తిగా ఆరాక, తెలిసినవాళ్ళ చేతిలోనే పెట్టాలట. ఫార్మాట్ చేయనా అని అడిగితే వద్దు అనే నొక్కాలట. అడిగిందంటే లోపల ఉన్నది పోయిందని కాదు, దానికి చదవడం రావడం లేదని అర్థం. ఈ ఒక్క ముక్క మీరు పెద్దక్షరాల్లో వేసినా నాకు సంతోషమే.

తర్వాత హైదరాబాదులో పోయిన డేటా తీసే ఒక చోటికి పంపాం. బోర్డు పాడైపోయిందని, జ్ఞాపకం ఉండే చిప్పును ఊడదీసి వేరే యంత్రంలో పెట్టి చదివారు. పద్నాలుగు వేలు తీసుకున్నారు. నెల తర్వాత కొత్త పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చారు.

కాగితాలు దాదాపు అన్నీ వచ్చాయి. దస్తావేజు, పాసుపుస్తకం, ఆధార్లు, పాన్ కార్డులు, అన్నీ. "పాస్‌వర్డ్స్" అని పేరు పెట్టుకున్న ఫైలు కూడా అక్షరం పొల్లు పోకుండా వచ్చింది. దేనికీ తాళం లేదు. ఇవన్నీ వచ్చాయి చూసుకోండి అని ఆ అబ్బాయి తెర మీద ఒక్కొక్కటే తెరిచి చూపిస్తుంటే నాకు వెన్నులో వణుకు పుట్టింది. ఆ అబ్బాయి మంచివాడే, ఏమీ చేయలేదు. కానీ మా వారు దొంగకు భయపడి ఉప్పులో పాతిపెట్టిన గుట్టంతా ముక్కూ మొహం తెలియని మనిషి ముందు పరిచి ఉంది.

పాటలు రాలేదు. ఫార్మాట్ నొక్కడంతో ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టిక చెరిగిపోయింది. చిన్న ఫైళ్ళు ఒకేచోట ఉంటాయి కాబట్టి దొరికాయి. పెద్ద ఫైళ్ళు ముక్కలు ముక్కలుగా ఉండి తలో చోటా చిక్కుకున్నాయి. ఎంపీ3 ఫైలు తెగినా ఏ తునకకు ఆ తునక పాడుతుందట, ఆ పుణ్యాన మాకు పదకొండు నిమిషాలు దక్కాయి. రెండు గంటల్లో పదకొండు నిమిషాలు. అందులో మొదటి మాట మా అత్తగారిది, "ఉండరా, గొంతు సవరించుకోనీ." వెనకాల మా వారి దగ్గు వినిపిస్తుంది, ఆయన ముప్పై ఏళ్ళనాటి దగ్గు. ఆ తర్వాత ఊర్మిళ పాట ఎత్తుకుంటుంది. నాలుగో చరణంలో తెగిపోతుంది.

అప్పటినుంచీ నేను ఒక మాట గురించే ఆలోచిస్తున్నాను. మన భాషలో దాచడం అంటే ఎవరికీ కనబడకుండా పెట్టడం. దాచడం అంటే పోకుండా కాపాడుకోవడం కూడా. డబ్బు దాచుకున్నాడంటాం, నిజం దాచాడంటాం. ఒకే మాట కదా అని మనం రెండూ ఒకే పని అనుకుంటున్నాం. బంగారానికి రెండూ ఒకటే. కనబడకపోతే పోదు. పెన్‌డ్రైవ్‌లో ఉండేవాటికి అలా కాదు. పాస్‌వర్డులు ఎవరికీ కనబడకూడదు, పోతే మళ్ళీ పెట్టుకోవచ్చు. దస్తావేజు పోతే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ధ్రువీకరించిన నకలు ఇస్తారు. ఆధార్ మళ్ళీ దించుకోవచ్చు. ప్రభుత్వ శాఖలు డిజీలాకర్‌ అనే ప్రభుత్వ యాప్‌లోకి జారీ చేసిన పత్రాలు అసలుతో సమానంగా చెల్లుతాయి. ఇవన్నీ తిరిగి వచ్చేవి. అత్తగారి గొంతు తిరిగి వచ్చేది కాదు. దాన్ని పదిమందికీ పంచి ఉంటే పదిళ్ళలో బతికి ఉండేది. మా వారు ఆ రెండింటినీ ఒకే డబ్బాలో పెట్టారు. గుట్టుగా ఉండాల్సింది బయటపడింది, అందరూ వినాల్సింది మట్టిలో కలిసింది.

గంట పాట మామూలు నాణ్యత ఎంపీ3లో అరవై ఎంబీ కూడా ఉండదు. నాలుగు ఫైళ్ళూ కలిపినా నూట ఇరవై లోపే. ఒక్క సాయంత్రం కూర్చుంటే ఫోనులో నలుగురికి పంపేయొచ్చు. మాకు ఆ సాయంత్రం దొరకలేదు.

దాచేవాళ్ళకు ఇంకా కొన్ని సంగతులు చెప్పాలి.

డబ్బా ఎంత తెలివైనదైనా అది తాళం కాదు. నగ పోతే పోయిందని తెలుస్తుంది. పెన్‌డ్రైవ్‌ను పది నిమిషాలు తీసి, ఉన్నదంతా ఎక్కించుకుని, మళ్ళీ అదే పౌడరు కింద పెట్టేస్తే మీకు ఎన్నటికీ తెలియదు. ఇంట్లోకి వచ్చిపోయే చుట్టాలు, అద్దెకున్నవాళ్ళు, రిపేరుకు వచ్చినవాళ్ళు ఎవరైనా కావచ్చు. ఆధార్ ఫైలుకు పాస్‌వర్డ్ ఉందిగా అని ధైర్యపడకండి. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అదే ఆ పాస్‌వర్డ్. ఇంటికి వచ్చిపోయే చుట్టానికి ఆ రెండూ తెలియవా? కాబట్టి పెన్‌డ్రైవ్‌కే తాళం వేయాలి. కంప్యూటరులో విండోస్ ప్రో రకం ఉన్నవాళ్ళకు ఆ తాళం వేసే బిట్‌లాకర్ అనే ప్రోగ్రాము అందులోనే ఉంటుంది. హోమ్ రకంలో తాళం తీయడానికే తప్ప వేయడానికి కుదరదు, అలాంటివాళ్ళకు అదే పని చేసే వెరాక్రిప్ట్ అనే ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. బిట్‌లాకర్ తాళం వేసేటప్పుడు 48 అంకెల రికవరీ నంబరు ఒకటి ఇస్తుంది. దాన్ని కాగితం మీద రాసి, పెన్‌డ్రైవ్‌తో కలపకుండా వేరేచోట ఉంచాలి. పంచాంగం వెనక అట్ట మీద రాయకండి, ఉగాది వస్తే అది మారిపోతుంది. ఆ నంబరూ పోయి, పాస్‌వర్డూ మరిచిపోతే ఇక ఎవరూ తెరవలేరు. అందుకే పాటలకు, ఫోటోలకు ఈ తాళం వేయొద్దని నా మనవి.

ఇక డబ్బా సంగతి. ఇంగ్లీషు దేశాల్లో ఎలాగో నాకు తెలియదు గానీ, మన ఇళ్ళలో డబ్బాకు కాళ్ళుంటాయి. పక్కింటికి కూర పెట్టి పంపుతాం. వాళ్ళు ఖాళీ డబ్బా ఇవ్వకూడదని పది రోజులు ఉంచి, పులిహోర చేసినప్పుడు తిప్పి పంపుతారు. హైదరాబాదు వెళ్ళే అమ్మాయికి కారప్పొడి, సున్నుండలు సర్దుతాం, అవి తిరిగి రావు. భోగికి ముందు ఇల్లు దులుపుతాం, అడుగున చిల్లు పడ్డవన్నీ పాత సామాన్ల బండికి వేస్తాం. ఖాళీ పౌడరు డబ్బా అయితే ఒక్క భోగి దాటదు. మీ చిట్కాలో పెట్టినది వారం తిరక్కుండా చెత్తబుట్టలో తేలుతుందని నా భయం. బియ్యం డబ్బా, పప్పు డబ్బా అంటారా, దొంగలు ముందు చేయి పెట్టేవి అవే. పైగా బియ్యంలో తవుడు పొడి ఉంటుంది, పురుగు పట్టకుండా కలిపే బోరిక్ పౌడరు ఉంటుంది, అవన్నీ మూతిలో దూరతాయి.

పోపుల పెట్టెలో చిన్న గిన్నెల కింద నోట్లు దాచుకోని ఇల్లాలు మా తరంలో లేదు. నేనూ దాచాను. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు గుర్తున్నవన్నీ తీసి బ్యాంకులో కట్టాను. గడువు దాటాక మినప్పప్పు డబ్బా అడుగున మూడు అయిదువందల నోట్లు కనిపించాయి. చేతిలో ఉన్నాయి, చెల్లవు. పెన్‌డ్రైవ్‌కూ అదే గతి పడుతుంది. ఇప్పుడు మా అబ్బాయి ల్యాప్‌టాప్‌కు ఈ పాత మూతి పట్టే రంధ్రమే లేదు, మధ్యలో ఇంకో ముక్క తగిలించాలి.

పెన్‌డ్రైవ్ రాయి కాదని కూడా నాకు ఈ గొడవలోనే తెలిసింది. లోపల సన్నటి గదుల్లో కొద్దికొద్దిగా కరెంటును బంధించి ఉంచడమే దాని జ్ఞాపకశక్తి అట. ఏళ్ళ తరబడి కదల్చకుండా వదిలేస్తే ఆ కరెంటు మెల్లగా జారిపోతుంది. వేడి తగిలితే ఇంకా తొందరగా పోతుంది. మా డబ్బా ఉన్నది సరిగ్గా పొయ్యి పైన గూట్లో. వాడకుండా దాస్తే చెక్కుచెదరకుండా ఉంటుందని మా వారు నమ్మారు. చాలామంది అలాగే నమ్ముతున్నారు.

తాళ్ళపాక అన్నమాచార్యుల కీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో సంకీర్తనా భండారంలో పెట్టారు. శతాబ్దాల పాటు ఎవరికీ పట్టకుండా ఉండి, 20వ శతాబ్దంలో వెలుగు చూశాయి. ముప్పై రెండు వేలు రాశాడని చెబుతారు, దొరికినవి అందులో సగం కూడా లేవు. రాగి కాబట్టి ఆ మాత్రమైనా నిలిచాయి. తాటాకు గ్రంథాలున్న ఇళ్ళలో ఏడాదికోసారైనా వాటిని బయటికి తీసి, దుమ్ము దులిపి, నూనె రాసి మళ్ళీ కట్టేవారు. మా పుట్టింట్లో మా తాతగారు దసరాల్లో మూలా నక్షత్రం రోజున ఆ పని చేయడం నేను చూశాను. అందుకని కిందటి దసరాకు నేనూ సరస్వతీ పూజ రోజున పుస్తకాలతో పాటు పెన్‌డ్రైవ్ బయటికి తీశాను. ప్రతి ఫైలూ తెరిచి చూసి, అంతా ఇంకో కొత్త దానిలోకి ఎక్కించి, తేదీ రాసిన చీటీ అంటించాను. మందుల సీసాల్లో వచ్చే చెమ్మ పీల్చే చిన్న పొట్లం ఒకటి పక్కన వేశాను. పొయ్యికి దూరంగా, తిండి వస్తువులు లేని, ఎవరికీ అరువివ్వని డబ్బాలో పెట్టాను. అదెక్కడుందో మా అమ్మాయికి తెలుసు, అబ్బాయికి తెలుసు. ఇద్దరి చేతా తీయించి, పెట్టించి మరీ చూపించాను.

మొన్న వేసవిలో ఆ పదకొండు నిమిషాల పాటను చుట్టాలందరికీ పంపాను. నరసాపురంలో ఉన్న మా పెద్దాడపడుచుకు డెబ్బై ఆరేళ్ళు. విని, మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశారు. "ఏమ్మా, తెగిపోయిన చోట నుంచి నాకు కొంత వచ్చు. మా అమ్మ దగ్గర విన్నదే. గొంతు లేదు గానీ చెబుతాను, రాసుకో" అన్నారు. రాసుకోవడం ఎందుకు వదినా, పాడండి అన్నాను. నరసాపురం వెళ్ళి రెండు రోజులు ఉండి వచ్చాను. మధ్య మధ్యలో ఆయాసపడుతూనే పదిహేడు చరణాలు పాడారు. కొన్నిచోట్ల మా అత్తగారి పలుకే. ఊర్మిళను నిద్ర లేపే చోట ఆవిడ గొంతు సన్నగా తగ్గించేవారు, వదినా అక్కడే తగ్గించారు. ఆ రాత్రే ఆరిళ్ళకు పంపాను.

సంపాదకులు గారూ, మీకు రెండు విన్నపాలు. ఇలాంటి చిట్కా మళ్ళీ వేసినప్పుడు, దాచేది రహస్యమైతే తాళం వేసి ఒక్కరికైనా చెప్పమని, జ్ఞాపకమైతే నలుగురికీ పంచమని పక్కనే రెండు ముక్కలు వేయండి. రెండోది, మా కోనసీమలో ఇంకా ఎన్నో ఇళ్ళ అటకల మీద క్యాసెట్లున్నాయి. పెళ్ళి మంత్రాలు, హరికథలు, తాతల కబుర్లు బూజు పట్టి పడున్నాయి. వినడానికి టేపురికార్డరు లేక, ఏం చేయాలో తెలియక చాలామంది పారేస్తున్నారు. ప్రతి శాఖా గ్రంథాలయంలో నెలకు ఒక్క ఆదివారం ఒక పనిచేసే టేపురికార్డరు, ఒక కంప్యూటరు, అది తెలిసిన ఒక కుర్రాడు ఉంటే చాలు. క్యాసెట్ తెచ్చినవాళ్ళకు ఫోనులోకి ఎక్కించి ఇవ్వొచ్చు. గ్రంథాలయ సంస్థ వారి దృష్టికి ఈ మాట మీ పత్రిక ద్వారా వెళ్ళాలని కోరుతున్నాను. టేపురికార్డరు కావాలంటే మా ఇంట్లో మా వారిది ఉంది. 1992లో కొన్నదే. బెల్టు మార్పించాను, తిరుగుతోంది. ఇస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
అమలాపురం దగ్గరి లంక ఊరు,
కోనసీమ జిల్లా.